ఎడమ తెర

గాజు బల్ల మీద రెండు పెట్టెలు పెట్టి స్క్రూలక్క నడుము మీద చేతులు వేసుకుంది. పనిలో ఉన్నప్పుడు స్క్రూలు పెదవుల మధ్య పట్టుకుని, వాటి పక్కనుంచే మాట్లాడుతుంది కాబట్టి ఆ కంప్యూటర్ల దుకాణంలో ఆమెకు ఆ పేరు పడింది. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే తిరిగి చూడదు.

"మూడు మానిటర్లంటే మూడు టీవీలు పక్కపక్కన పెట్టుకోవడం కాదు బాబాయ్ గారూ," అంది డ్రైవరుతో. "ఒక్క బొమ్మనే మూడింతల వెడల్పున గీయాలి. అదీ సెకనుకి అరవై సార్లు. ఆ గీసే చాకిరీ అంతా ఈ గ్రాఫిక్స్ కార్డుదే. చిన్నదాని నెత్తిన అంత బరువు పెడితే చతికిలపడుతుంది."

డ్రైవరు బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇరవై ఆరేళ్లు బస్సు నడిపిన మనిషి. ఇంజను దగ్గితే ఎక్కడ నొప్పో చెప్పగలడు. ఈ పెట్టెల్లో ఉన్నవాటికి నొప్పి ఎక్కడ వస్తుందో, అసలు వస్తుందో రాదో ఆయనకి అంతుపట్టలేదు. పక్కన ఆయన కూతురు మాత్రం పెట్టె వెనక ఉన్న చిన్న అక్షరాలు వేలు పెట్టి చదువుతోంది. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం ఆమెకు, ఇంటికొస్తే కారు పందేల ఆట. రెండేళ్లుగా ఒక్కొక్కటే మానిటరు కొనుక్కుంటూ వచ్చింది. బల్లకి బిగించుకునే స్టీరింగు కూడా ఉంది. "ఇంట్లో ఒక డ్రైవరు సరిపోలేదా?" అని తండ్రి ఎగతాళి చేసేవాడు. మూడు నెలల కిందట ఆయన్ని పనిలోంచి ఆపేశాక ఆ ఎగతాళీ ఆగిపోయింది.

ఆ స్టీరింగు పట్టుకుని తండ్రి కూర్చోవాల్సిన రోజు వస్తుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

"రెండు ఫ్యాన్లది చిన్నది, మూడు ఫ్యాన్లది పెద్దది. నన్నడిగితే పెద్దదే," అని స్క్రూలక్క టేపు తీసి పెద్ద పెట్టె పొడవు కొలిచింది. "మీ కంప్యూటర్ క్యాబినెట్టులో పడుతుందిలే. పవర్ సప్లై మాత్రం మార్చాలి. కాకపోతే చిన్న ఇబ్బంది, ఇది ఖాళీ పెట్టె. సరుకు శనివారం వస్తుంది."

"మాకు గురువారానికి కావాలమ్మా," అన్నాడు డ్రైవరు. గొంతులో గాభరా ఆయనకే వినిపించింది.

"ఆటకి అంత తొందరేంటి బాబాయ్ గారూ?"

డ్రైవరు కూతురి వైపు చూశాడు. కూతురు పెట్టె వైపు చూసింది. స్క్రూలక్క మనుషుల్ని గుచ్చి గుచ్చి అడిగే రకం కాదు. "సరే, అప్పటిదాకా ఈ చిన్నది పట్టుకెళ్లండి. గీత పడకుండా తిరిగివ్వాలి," అంది. తర్వాత కూతురితో, "మూడు తెరలూ లాగాలంటే ఆటలో కొన్ని తగ్గించాలమ్మా. నీడలు, చెట్లు, అద్దాలు, దూరంగా కనిపించేవి. తెలుసుగా?"

"తెలుసక్కా," అంది కూతురు.

డ్రైవరు అప్పటికే చిన్న పెట్టెని రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాటుతున్నాడు.

*

మందుల షాపు దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. షాపు గోడ పక్కనే ఒక సందు. మూడు నెలల కిందట పొద్దున్నే మొదటి ట్రిప్పులో డ్రైవరు ఆ మలుపు తిరుగుతుంటే, ఆ సందులోంచి వచ్చిన రోడ్డు ఊడ్చే ఆవిడనీ ఆమె మూడు చక్రాల చెత్తబండినీ బస్సు వెనక భాగం గోడకేసి నొక్కేసింది. ఆవిడ తుంటి ఎముక విరిగింది. గోడ అడ్డం కాబట్టి ఎదురుగా కనిపించే వీలు లేదు. కనబడితే ఎడమ అద్దంలోనే కనబడాలి. అద్దంలో ఏమీ లేదని డ్రైవరు అన్నాడు. ఆ రోజు అన్నాడు, మర్నాడు అన్నాడు, అడిగిన ప్రతివాడికీ అదే అన్నాడు. కానీ ఆవిడ ఆసుపత్రి మంచం మీదినుంచి ఇచ్చిన వాంగ్మూలంలో ఇంకో మాట ఉంది. "అద్దంలో నా కళ్లలోకి చూశాడు. చూసే తిప్పాడు."

ఉద్యోగం పోతుందన్న దిగులు కన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ తినేసింది. చూసి చూసి మనిషి మీదికి బస్సు తిప్పేవాడినా నేను? ఆవిడకెవరో నేర్పి పెట్టారు. ఆ మాట అబద్ధమని తేలితే చాలు, ఉద్యోగం సంగతి తర్వాత. ఆఖరి విచారణ గురువారం.

బస్సుల ఆట ఒకటుందనీ, అందులో మన రోడ్డు మనమే కట్టుకోవచ్చనీ కూతురే చెప్పింది. డ్రైవరు టేపు పట్టుకుని వెళ్లి ఆ మలుపంతా కొలిచి వచ్చాడు. గోడ పొడవు, సందు వెడల్పు, కరెంటు స్తంభం దూరం, ఫుట్‌పాత్ ఎత్తు. మందుల షాపతను సర్వే అనుకుని కుర్చీ వేశాడు. కూతురు ఆఫీసు ప్లాను గీసినంత శ్రద్ధగా ఆ మలుపుని గీసింది. తీరా నడిపిస్తే పాత కార్డు ఒక తెర మీద నడిచింది గానీ, మూడూ కలిపేసరికి ఎడమ తెర నల్లబడి కూర్చుంది. ఆయనకి కావాల్సిందేమో ఆ ఎడమ తెరే.

సోమవారం సాయంత్రం కూతురు క్యాబినెట్టు పక్కరేకు తీసి, పాత కార్డు గొళ్లెం నొక్కి పైకి లాగింది. కుంచెతో దుమ్ము దులిపింది. కొత్తది గాడిలో పెట్టి బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని కూర్చుంది. మూడు కేబుళ్లు వెనక బిగించి, చాలాసేపు సెట్టింగులు చూసుకుంది. నెమ్మదిగా మూడు తెరలూ వెలిగాయి. మధ్యలో రోడ్డు, కుడివైపు డివైడరు, ఎడమవైపు తలుపు, ఆ తలుపు బయట నోటు పుస్తకమంత అద్దం.

"చెత్తబండిని కదిలించడం నాకు చేతకాలేదు నాన్నా. సందు మొదట్లో నిలబడే ఉంటుంది. ఆమె కూడా," అంది.

"పర్లేదులే తల్లీ. అప్పుడూ ఎంతో కదిలి ఉండదు."

డ్రైవరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అలవాటు కొద్దీ తల ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, నడుము సర్దుకున్నాడు. మూడు నెలల తర్వాత చేతికి స్టీరింగు తగిలింది. బస్సు కదిలింది. మందుల షాపు వచ్చింది. ఎడమకి చూశాడు. అద్దంలో రోడ్డుంది, గోడ ఉంది, ఎక్కడో వెనక ఇంకో బస్సుంది. తిప్పాడు. ధడేల్మని చప్పుడైంది.

ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"లేదు," అన్నాడు. "తల్లీ, అద్దంలో లేదు. చూశావా?"

మళ్లీ మొదటినుంచి నడిపాడు. ఈసారి మలుపులో బస్సుని పూర్తిగా ఆపి, తెరకి ముక్కు ఆనించి మరీ చూశాడు. గోడ, స్తంభం, రోడ్డు. మనిషి లేదు, బండి లేదు. ఏడుసార్లు చేశాడు. ఏడోసారి నవ్వు మొదలై ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "అబద్ధం చెప్పింది. చూశావా? నేను చూడలేదు. చూడ్డానికి లేనేలేదు!"

"చూశాను నాన్నా," అని కూతురు మంచినీళ్లు తేవడానికి లేచింది. వంటింట్లోంచి వచ్చేసరికి చాలాసేపయింది.

*

విచారణ గదిలో పొడుగు బల్లకి అవతల బస్సు కంపెనీ ఆఫీసరు, ఇవతల ఒక చివర డ్రైవరు, ఇంకో చివర ఊడ్చే ఆవిడ. నాలుగు కాళ్ల ఊతకర్రని కుర్చీ పక్కన ఆనించుకుని, పనిలోకి వెళ్లక మూడు నెలలైనా నారింజ రంగు యూనిఫాం కోటు వేసుకునే వచ్చింది. ఊడ్చే పని కాంట్రాక్టుకి తీసుకున్నాయన మనిషిని పంపలేదు. కాగితం పంపాడు. ఆవిడ నిలబడకూడని చోట నిలబడిందని అందులో రాసి ఉంది.

ఆటలో ఆ మలుపు తిరుగుతుండగా కూతురు తీసిపెట్టిన వీడియోని ఆఫీసరు మూడుసార్లు తిప్పించుకుని చూశాడు. మొదటిసారి ఆటలాగే చూశాడు. మూడోసారికి కుర్చీలో ముందుకి జరిగాడు. డ్రైవరు తప్పు లేదంటే కంపెనీ తప్పూ లేనట్టే. ఆ సంగతి ఆయన మొహంలో స్పష్టంగా కనబడింది.

"కొలతలన్నీ సరిగ్గా వేశారా?"

"అంగుళం తేడా లేదు సార్. మా అమ్మాయి అదే ఉద్యోగం చేస్తుంది," అన్నాడు డ్రైవరు.

"అది బొమ్మ సార్," అంది ఊడ్చే ఆవిడ. గొంతు పెంచలేదు. "నేను మనిషిని. ఆయన నన్ను చూశాడు."

"అద్దంలో లేని మనిషిని ఎలా చూస్తాడమ్మా?"

"అద్దంలో ఆయన మొహం నాకు కనిపించింది సార్. ఆయన మొహం నాకు కనిపిస్తే నా మొహం ఆయనకి కనిపించదా? చూస్తున్నాడు కదా, ఆగుతాడు అనుకున్నాను. లేకపోతే వెనక్కి పోయేదాన్ని కాదా?"

ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. ఊడ్చే ఆవిడ ఊతకర్ర అందుకుని లేవడానికి నానా అవస్థా పడింది. డ్రైవరు సాయం చేద్దామని సగం లేచి, ఏం బాగుంటుందని మళ్లీ కూలబడ్డాడు. గుమ్మం దగ్గర ఆమె ఆగి వెనక్కి చూసింది.

"ఆగేవాడివి కాకపోతే ఎందుకు చూశావయ్యా మరి?" అంది.

మంగళవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని డ్రైవరు మెట్లు దిగాడు. గుండెల మీద బరువు దిగిపోయిందనే అనుకున్నాడు. ఆవిడ మొండితనానికి కోపం మాత్రం ఇంటిదాకా వచ్చింది.

*

శుక్రవారం పొద్దున్న లేచీ లేవగానే కూతుర్ని పిలిచాడు.

"ఆ పెద్ద కార్డు తెప్పించుకో. చిన్నది తిరిగిచ్చేద్దాం."

"ఎందుకు నాన్నా? ఇదే సరిపోతోంది."

"ఏం సరిపోవడం? రెండేళ్లుగా కలవరిస్తున్నావు. నా గోలతో నీ ఆట మూలపడింది. నా పరువు నిలబెట్టావు తల్లీ, ఆ మాత్రం చెయ్యలేనా?"

"నాకొద్దు నాన్నా. నిజంగా."

మొహమాటం అనుకున్నాడు. కన్నకూతురి మొహం చదవడం వచ్చనుకునే తండ్రుల్లో ఆయనొకడు. తనే దుకాణానికి ఫోన్ చేశాడు. శనివారం మధ్యాహ్నం స్క్రూలక్క భుజాన సంచి, చేతిలో పెట్టెతో దిగింది. కూతురికి ఆరోజు సెలవు. గదిలోకి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

స్క్రూలక్క నేల మీద కూర్చుని పవర్ సప్లై మార్చింది. పెద్ద కార్డు వంగిపోకుండా కింద చిన్న ఊతం పెట్టింది. పెదవుల మధ్యనుంచి స్క్రూలు ఒక్కొక్కటే తీసి బిగించింది. వెలిగించాక సెట్టింగులు తెరిచి, "అయ్యో, అన్నీ అడుక్కి లాగేశారేంటి! ఇంక ఆ పీనాసితనం అక్కర్లేదు," అంటూ ఒక్కొక్కటీ పైకి జరుపుకుంటూ పోయింది. "నీడలు ఫుల్లు. చెట్లు ఫుల్లు. అద్దాలు ఫుల్లు. ఇదుగో బాబాయ్ గారూ, మీరే బోణీ చెయ్యండి."

డ్రైవరు హుషారుగా కూర్చున్నాడు. రోడ్డు మీద చెట్ల నీడలు పరుచుకుని ఉన్నాయి. కుడివైపు కిటికీల మీద ఎండ మెరుస్తోంది. "అబ్బ, ఇది కదా!" అన్నాడు. చెయ్యి అలవాటైన దారినే పోయింది. మందుల షాపు వచ్చింది. ఎడమకి చూశాడు, తిప్పాడు. ధడేల్మంది.

"ఇదుగో, ఇంత పెద్ద కార్డులో కూడా కనబడలేదు," అన్నాడు నవ్వుతూ, కూతురి వైపు తిరిగి.

కూతురు నవ్వలేదు. స్క్రూలక్క ఒక్కసారిగా ముందుకి వంగింది.

"అదేంటి బాబాయ్ గారూ, అద్దంలో అంత బాగా కనిపిస్తుంటే! నారింజ కోటు వేసుకుని ఒకావిడ, పక్కన బండి. ఇందాకట్నుంచీ అక్కడే ఉంది కదా. మీరు అటే చూస్తున్నారు కూడాను."

ఆమెకి ఈ గొడవేదీ తెలియదు. కనిపించింది కనిపించినట్టు చెప్పింది.

డ్రైవరు మళ్లీ మొదటినుంచి నడిపాడు. ఈసారి మలుపులో ఆపాడు. అద్దం కింది సగంలో, గోడ పక్కన, నారింజ కోటు ఉంది. చక్రాలు మూడూ లెక్కపెట్టేంత స్పష్టంగా బండి ఉంది. బొమ్మమనిషి మొహం ఇటే తిరిగి ఉంది.

చేతులు స్టీరింగు మీదినుంచి జారిపోయాయి. ఇప్పుడే, ఈ కుర్చీలో, రెండు నిమిషాల కిందట ఆ అద్దంలోకే చూశాడు. ఏం చూశాడు? అద్దం పైసగం చూశాడు. దూరంగా, రోడ్డు చివర, వెనకొచ్చే బస్సు ఉందా లేదా అని చూశాడు. వెనక బస్సు దగ్గరపడితే ముందు డ్రైవరు నత్తనడక నడుస్తున్నాడని కంపెనీ వాళ్లు రిపోర్టు రాస్తారు. ఆ మలుపులోనే వెనక రోడ్డంతా తిన్నగా కనబడుతుంది కాబట్టి ఆ రూట్లో తిరిగే ప్రతివాడూ అక్కడే అద్దం చూస్తాడు. దూరం చూస్తాడు. ఇన్నేళ్లుగా ఆ మలుపులో దగ్గరున్నది ఏదీ ఆయన చూడలేదు. మొహం మాత్రం అద్దంలోకి పెట్టాడు. ఆ మొహాన్ని చూసి ఆవిడ ఆగుతాడనుకుంది.

"మరి చిన్న కార్డులో ఎందుకు లేదు?" అని అడిగాడు.

"అద్దాలు అడుక్కి తగ్గిస్తే అంతే మరి. రోడ్లు, గోడలు, పెద్ద బండ్లు గీస్తుంది. మనుషుల్ని, చిన్న బండ్లని వదిలేస్తుంది. బరువు తగ్గుతుందిగా," అంది స్క్రూలక్క. మాట పూర్తయ్యేలోపే ఇద్దరి మొహాలూ చూసింది. ఏదో తేడా ఉందని అర్థమై సామాను సర్దుకుంది. "ఏడు రోజుల్లోపు నచ్చకపోతే మార్చుకోవచ్చు," అని నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయింది.

తండ్రీ కూతుళ్లు మిగిలారు. కార్డు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"నీకు తెలుసు," అన్నాడు డ్రైవరు.

"తెలుసు నాన్నా."

"సోమవారమే తెలుసు."

"నువ్వు నవ్వావు నాన్నా." కూతురు గుమ్మం వదిలి లోపలికొచ్చింది. "మూడు నెలల తర్వాత నవ్వావు. చెప్దామనే వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. నాకు నోరు రాలేదు. పెద్ద కార్డు రాకపోతే ఇది ఇలాగే పోతుందనుకున్నాను."

తిట్టాలనుకున్నాడు. తిట్టడానికి ఏ మొహం పెట్టుకుని తిడతాడు? తల పట్టుకుని ఆ మూడు తెరల ముందే కూర్చుండిపోయాడు.

*

సోమవారం పొద్దున ఆఫీసరు గది తెరవకముందే బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి పిలిచాక నిలబడే చెప్పాడు. కార్డు సంగతి, అద్దాల సంగతి, వెనక బస్సు సంగతి. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు తడబడ్డాయి గానీ ఏదీ దాచలేదు.

"ఆవిడ అబద్ధం చెప్పలేదు సార్. నేను అద్దంలోకి చూశాను. ఆవిణ్ని చూడలేదు. తప్పు నాది."

ఆఫీసరు తలుపు వైపు చూసి, కుర్చీ చూపించి, గొంతు తగ్గించాడు.

"ఏంటయ్యా ఇది? గురువారం అంగుళం తేడా లేదన్నావు. ఇవాళ కార్డు మార్చాం, కనబడింది అంటున్నావు. రేపు ఇంకో కార్డు పెట్టి ఇంకోటి అంటావా?"

"లేదు సార్. ఇదే నిజం."

"మరి ఆ వీడియో చూసి తీర్పు రాసిన నేనేమవ్వాలి? బొమ్మలాట చూసి ఫైలు మూశానని నలుగురూ నవ్వరా? వెనక బస్సు మాట మాత్రం ఇంకెక్కడా అనకు. అది నీ ఒక్కడితో పోయేది కాదు." ఫైలు పక్కకి నెట్టి అన్నాడు, "నష్టపరిహారానికి ఆమె పెట్టుకున్న అర్జీ కొట్టేశారు. కాగితం వెళ్లిపోయింది. ఉద్యోగం వచ్చింది, హాయిగా చేసుకో."

"రాసిస్తాను సార్. సంతకం పెట్టి..."

"తీసుకోను," అన్నాడు ఆఫీసరు, కోపం లేకుండానే. "వెళ్లు. రేపు మొదటి ట్రిప్పు నీదే."

డ్రైవరు అక్కడినుంచి తిన్నగా ఊడ్చేవాళ్ల షెడ్డుకి వెళ్లాడు. కోటు అప్పగించేసి వెళ్లిపోయిందన్నారు. ఇల్లెక్కడో తెలియదన్నారు. తెలిసినా ఆయనకి చెప్పాలని వాళ్లకి లేదు. ఆయనెవరో వాళ్లకి తెలుసు. చీపుళ్లు కట్టుకుంటూ ఒక్కరూ తలెత్తలేదు.

మంగళవారం బస్సు తీశాడు. మందుల షాపు దగ్గర అద్దం కింది సగంలోకి చూశాడు. సందు ఖాళీగా ఉంది. అయినా కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. లోపల ప్రయాణికులు విసుక్కున్నారు. వెనక బస్సు వచ్చి తోకకి ఆనుకున్నంత దగ్గరగా ఆగి హారన్ కొట్టింది. రోజు ముగిసేసరికి ఆయన మీద ఆలస్యం రిపోర్టు ఒకటి వచ్చింది. సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు పక్కరేకు విప్పి, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుని ఉంది.

"మార్చుకోవడానికి ఇంకా టైముంది నాన్నా. పాతది పెట్టేస్తాను. ఒక్క తెర చాలు నాకు."

"వద్దు," అన్నాడు. "ఇదే ఉండనీ."

రేకు తనే తీసుకుని బిగించాడు. చేతులు కడుక్కుని, బట్టలైనా మార్చుకోకుండా స్టీరింగు ముందు కూర్చున్నాడు. మూడు తెరలూ వెలిగాయి. చెట్ల నీడల్లోంచి బస్సు నెమ్మదిగా వెళ్లి మలుపులో ఆగింది. ఎడమ తెర మీద, అద్దం కింది సగంలో, నారింజ కోటు ఆయన వైపే చూస్తోంది. ఇండికేటరు టిక్కుటిక్కుమంటోంది. ఆయన బ్రేకు మీదినుంచి కాలు తియ్యలేదు. ఆటలోని కార్లు వెనక బారులు తీరి హారన్లు మొదలుపెట్టాయి.

కూతురు కాసేపు చూసి, దగ్గరకొచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

"నాన్నా, ఆమె కదలదు. కదిలేలా పెట్టలేదు నేను."

"తెలుసు తల్లీ," అన్నాడు, ఎడమ తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా. "ఇంకాసేపు ఆగుదాం."